పద్నాలుగో నియమం

బ్రేమెన్‌లో, వేజర్ నది పక్కన
ఒకప్పటి కాఫీ గోదాములో మా ఆఫీసు.
వాన పడితే ఇప్పటికీ గోడల్లోంచి
మాడిన గింజల వాసన.
నా పని నియమాలు రాయడం.
'అయితే', 'కాకపోతే', 'ఒకవేళ'
పదకొండేళ్ళుగా ఈ మూడు మాటలే
నా ఇంటి అద్దె కడుతున్నాయి.

మేం అమ్మే ఆట పేరు ఆటు.
సముద్రం వెనక్కి తగ్గిన బురదలో
నలుగురు గుల్లలు ఏరుకుంటారు,
పోటు తిరిగొచ్చేలోగా గట్టెక్కాలి.
పద్నాలుగో నియమం:
నీళ్ళు మోకాలు దాటితే
బుట్ట వదిలెయ్యి, ముందు నువ్వు రా.
ఆ వాక్యాన్ని పందొమ్మిదిసార్లు తిరగరాశాను.

సోమవారం ఒక ఉత్తరం వచ్చింది.
ఫ్యోర్ దీవిలో బడి, ఫ్రౌకె అనే టీచరు.
"మా దీవి మాట మాట్లాడే పిల్లలు
తరగతికి ఆరుగురే మిగిలారు.
మీ నియమాలు ఆ మాటలో రాసుకుంటాం.
ఎవరైనా దిద్దుకునేలా, పంచుకునేలా
ఓపెన్ లైసెన్సు మీద వదలండి.
పెట్టెలు మీ దగ్గరే కొంటాం."

మా యజమాని గెజీనె ఆ ఉత్తరాన్ని
మూడు రోజులు టీ కప్పు కింద ఉంచింది.
నాలుగో రోజు, కప్పు మరకతో పాటు
నా బల్ల మీద పెట్టింది.

"ఆడే పద్ధతి ఎవరి సొత్తూ కాదట,
లాయరు చెప్పాడు.
పాచిక వెయ్యడాన్ని ఎవడు కట్టేస్తాడు?
నాదంటూ మిగిలింది
నువ్వు రాసిన ముప్పైరెండు పేజీలే.
అవీ పంచేశాక
బ్యాంకువాడికి ఏం చూపించను, ఖాళీ పెట్టెలా?

ఆరో పేజీలో పీత ఒక్కెది.
ఆ బొమ్మకి డబ్బిచ్చింది ఒక్క ముద్రణకే.
నాది కాని పీతని నేనెలా దానం చెయ్యను?"

ఎస్సెన్ ఆటల సంతలో ఒక ఏడాది
వేరే పేరు, వేరే రంగు పెట్టె తెరిచిందట.
తొమ్మిదో పేజీలో 'ఇసుక' బదులు 'ఇసక'లాంటి
మా అచ్చుతప్పు,
అలాగే, జాగ్రత్తగా, దించుకుని ఉంది.
కేసు వెయ్యలేదు. ఒక కాపీ కొనుక్కొచ్చింది.
అది ఇప్పటికీ అల్మరాలో ఉంది, ధర చీటీతో.

"ఇంకోటి. ఇచ్చాక వెనక్కి తీసుకోలేం.
సముద్రమైనా ఆరుగంటలకోసారి మనసు మార్చుకుంటుంది."

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు.
ఆ సామెత ఆవిడకి తెలీదు,
దాని భయం మాత్రం తెలుసు.

ఆవిడది పిసినారితనం అనుకున్నాను.
ఆ రాత్రి ట్రాములో
ఎవరో నా 'ముందు నువ్వు రా'ని
కొట్టేస్తున్నట్టు ఊహించుకున్నాను.
స్టాపు దాటిపోయింది.

గురువారం ఫోను మోగింది.
విల్హెల్మ్స్‌హాఫెన్ నుంచి ఎవరో పెద్దాయన:
ఒకే ఇసుకతిన్నె మీద ఇద్దరు నిలబడితే?
భార్యకీ ఆయనకీ నిన్నట్నుంచీ మాటల్లేవట.
గెజీనె నలభై నిమిషాలు చెప్పింది,
కాగితం మీద గీసుకుంటూ, నవ్వుతూ.
చివరికి అంది:
"మీ ఇంట్లో మీకు నచ్చినట్టు మార్చుకోండి."

నేను తలెత్తి చూశాను.
"అది వేరు," అంది ఫోను పెట్టేస్తూ.
ఏం వేరో అడగలేదు.
ఆవిడా చెప్పలేదు.
ఆ కాగితాన్ని మాత్రం మడిచి జేబులో పెట్టుకుంది.

జవాబు నాచేతే రాయించింది.
పద్నాలుగో నియమం ఒక్కటే, బొమ్మ లేకుండా,
మీ ఇష్టం వచ్చినట్టు వాడుకోండి.
మిగతాది పరిశీలనలో ఉంది.
ఆ మాటకి మా ఆఫీసులో
ఒక సొరుగు ఉంది, సరిగ్గా మూసుకోదు.

నెల తర్వాత ఫ్యోర్ నుంచి కవరు.
పిల్లల చేతిరాత, ఆకుపచ్చ పెన్సిలు.
ఒక్క అక్షరం అర్థం కాలేదు.
వేలితో లెక్కపెట్టాను:
నా వాక్యం కన్నా రెండు మాటలు ఎక్కువ.

గెజీనె కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ
"ఏం కలిపారో కనుక్కో," అంది.